వ్యసన విముక్తి కేంద్రాలు: డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎలా నిలుస్తుంది

మద్యానికో, గంజాయికో, హెరాయిన్‌కో, నొప్పి మాత్రలకో బానిసైనవారికి లాభాపేక్ష లేకుండా చికిత్స, కౌన్సెలింగ్, పునరావాసం అందించే చోట్లను జనం డీఅడిక్షన్ సెంటర్లు అంటారు. మన దేశంలో ఇవి చాలావరకు ట్రస్టులుగానో సొసైటీలుగానో రిజిస్టరై నడుస్తాయి. ప్రభుత్వ గ్రాంట్లు, దాతల విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) సొమ్ము, రోగి కుటుంబం కట్టే ఫీజు, కొన్నిచోట్ల విదేశీ విరాళాలు, కోలుకున్నవాళ్లు వేసుకునే చందాలు వీటిని పోషిస్తాయి. ఒక్క దారినే నమ్ముకున్న కేంద్రం ఆ దారి మూసుకుపోయిన రోజున తలుపులు వేసుకోవలసి వస్తుంది. వ్యసనం ఏళ్ల తరబడి వెంటాడే జబ్బు. డబ్బు మాత్రం ఏడాదికోసారి, అదీ వాయిదాల మీద వస్తుంది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడంలోనే ఈ రంగంలో పనిచేసేవాళ్ల కష్టమంతా ఉంది.

అవసరం ఎంత, పడకలు ఎన్ని

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. 10 నుంచి 75 ఏళ్ల లోపువారిలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్ల మంది ఆ తాగుడు వల్ల వైద్యమో సాయమో అవసరమైన స్థితిలో ఉన్నారని ఆ నివేదిక తేల్చింది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స పొందినట్టు చెప్పారు. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందికి ఒక్కరు.

కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమీకృత పునరావాస కేంద్రాలు దేశం మొత్తం మీద మూడు వందలకు పైగా ఉన్నాయి. వీటిని ఐఆర్‌సీఏలు అంటారు. వీటిలో 15 పడకలవి ఎక్కువ. లెక్క కోసం మూడు వందల కేంద్రాలూ 15 పడకలవే అనుకుందాం. మొత్తం 4,500 పడకలు. ఒక్కో రోగి నెల రోజులు ఉంటాడనుకుంటే ఏడాదికి 54,000 మంది. అవతల 5.7 కోట్లు. అందరికీ పడక అవసరం లేదు, చాలామందికి బయటి రోగులుగా మందులు, మాటసాయం చాలు. అంత తగ్గించుకుని చూసినా, ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఒక్క ప్రభుత్వ గ్రాంటు పూడ్చలేదని తెలిసిపోతుంది.

ఒక కేంద్రం నెల ఖర్చు

పదిహేను పడకల కేంద్రంలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో దగ్గరగా చూస్తే గానీ నిధుల సంగతి అర్థం కాదు.

రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఆరేడు గంటల్లో చేతులు వణకడం మొదలవుతుంది. చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్సు వస్తాయి. రెండో రోజు దాటాక కొందరు మతి తప్పుతారు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, పక్కన లేని మనిషితో మాట్లాడతారు, మంచం దిగి పరిగెత్తబోతారు. సరైన వైద్యం అందకపోతే ఇది ప్రాణం మీదికి తెస్తుంది. దీనికి వాడే మందులు ఖరీదైనవేమీ కావు. వణుకు తగ్గించే మాత్రలు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. కానీ బీ1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని తెలిసిన నర్సు రాత్రి రెండు గంటలకు మెలకువగా ఉండాలి. ఖర్చంతా ఆ మెలకువది. డాక్టరు గౌరవ వేతనం, మూడు షిఫ్టులకు సరిపడా నర్సులు, వార్డు బాయ్‌లు, కౌన్సెలర్లు, వంటమనిషి, వాచ్‌మన్, లెక్కలు రాసే మనిషి... ఈ జీతాలే నెల ఖర్చులో పెద్ద పద్దు. తర్వాత అద్దె, తిండి, కరెంటు.

తిండి పద్దును తక్కువగా చూడకూడదు. ఏళ్ల తరబడి తిండి మాని తాగిన మనిషికి మొదటి వారం పెట్టే మజ్జిగన్నం, ఉడికించిన గుడ్డు, పప్పు కూడా వైద్యంలో భాగమే.

ఇక రోగి ఇంటికి వెళ్లాకే అసలు పరీక్ష. పాత స్నేహితులు, జీతం చేతికొచ్చే రోజు, పెళ్లిళ్లు, చావులు, పండగలు అన్నీ ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. కౌన్సెలర్ పదిహేను రోజులకోసారి ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తని వాడి ఇంటికి బస్సెక్కి వెళ్లాలి. భార్యతో, తల్లితో కూర్చుని మాట్లాడాలి. దీనికి ఏడాది పడుతుంది, రెండేళ్లూ పట్టవచ్చు. దాతకు చూపించడానికి పడక ఉంటుంది, భవనం ఉంటుంది, ప్రారంభోత్సవం ఫొటో ఉంటుంది. బస్సు చార్జీకి ఫొటో ఉండదు. అందుకే డబ్బు తగ్గిందంటే మొదట కోత పడేది ఈ పద్దులోనే. ఇది కోసేశాక, నెల రోజుల చికిత్సకు పెట్టిన డబ్బు కూడా చాలామంది విషయంలో నేలపాలవుతుంది. ఈ రంగానికి విరాళం ఇవ్వదలచినవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే.

మొదటి చెక్కు

మన దేశంలో పేరున్న వ్యసన విముక్తి సంస్థల్లో చాలావాటి వెనుక ఒక ఇంటి విషాదమో ఒక మనిషి పట్టుదలో కనిపిస్తుంది. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్త తాగుడు వల్ల చిన్న వయసులోనే చనిపోయారు. ఆయన పేరు మీదే ఆమె 1980లో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. అదే ఇప్పుడు టీటీకే ఆస్పత్రిగా అందరికీ తెలుసు. వ్యాపార కుటుంబం అండ దానికి పునాది. కాలక్రమంలో దక్షిణాది రాష్ట్రాల కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చే బాధ్యతను కూడా ప్రభుత్వం ఆ సంస్థకు అప్పగించింది. ముంబైలో ఫాదర్ జో పెరీరా 1981లో కృపా ఫౌండేషన్ మొదలుపెట్టారు. దానికి చర్చి చోటిచ్చింది.

పుణెలోని ముక్తాంగణ్ పుట్టుక మరో తీరు. 1980ల మధ్యలో బ్రౌన్ షుగర్ అనే మత్తుమందు మహారాష్ట్ర నగరాల్లో కుర్రవాళ్లను కబళిస్తున్నప్పుడు రచయిత అనిల్ అవచట్ దాని మీద వరుసగా వ్యాసాలు రాశారు. అవి చదివి కదిలిపోయిన మరాఠీ హాస్య రచయిత పు.ల. దేశ్‌పాండే దంపతులు లక్ష రూపాయలు ఇచ్చారు. అనిల్ భార్య, మానసిక వైద్యురాలు అనితా అవచట్ బాధ్యత తీసుకున్నారు. 1986 ఆగస్టులో ఎరవాడ మానసిక చికిత్సాలయం ఆవరణలోనే కేంద్రం మొదలైంది. ఒక రచయిత ఇచ్చిన డబ్బు, ప్రభుత్వ ఆస్పత్రి ఇచ్చిన చోటు, ఒక వైద్యురాలి సమయం కలిశాయి. ఆ మూడింటిలో ఏది లేకపోయినా ఆ కేంద్రం ఉండేది కాదు. అనిత 1997లో క్యాన్సర్‌తో కన్నుమూశాక కూడా సంస్థ ఆగలేదు. కూతురు ముక్తా పుణతాంబేకర్, అక్కడే కోలుకుని అక్కడే ఉద్యోగులైనవాళ్లు దాన్ని ముందుకు నడిపారు. స్థాపకులు పోయాక సంస్థ బతకడమే నిలకడకు అసలైన కొలత. మొదటి చెక్కు రాసేవాళ్లు దొరుకుతారు. ఇరవయ్యో ఏడు జీతాలిచ్చేవాళ్లు దొరకడమే కష్టం.

ప్రభుత్వ గ్రాంటు

స్వచ్ఛంద సంస్థల ద్వారా మద్యపాన, మాదకద్రవ్య వ్యసన నివారణకు కేంద్ర సాయం 1985-86 నుంచి ఉంది. ఆ పథకం ఇప్పుడు మాదకద్రవ్యాల డిమాండు తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళికలో భాగం. ఐఆర్‌సీఏలతో పాటు తోటి యువకుల ద్వారా పిల్లలకు అవగాహన కలిగించే కార్యక్రమాలకు, వీధుల్లో మత్తుకు అలవాటుపడినవారిని కలుసుకునే కేంద్రాలకు, జిల్లా డీఅడిక్షన్ కేంద్రాలకు ఇందులోంచే సాయం అందుతుంది. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నశా ముక్త్ భారత్ అభియాన్ మొదలయ్యాక ఈ పనికి ప్రచారం పెరిగింది.

పాత నిబంధనల్లో ఒక షరతు ఉండేది. ఆమోదించిన ఖర్చులో 90 శాతమే కేంద్రం ఇచ్చేది. ఈశాన్య రాష్ట్రాలు, సిక్కిం, జమ్మూ కశ్మీర్‌లలో 95 శాతం. మిగిలింది సంస్థ తెచ్చుకోవలసి వచ్చేది. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆమోదం పొందిన పద్దుల్లో లేని ఖర్చులు దానికి తోడవుతాయి. పైకప్పు కారితే బాగుచేయించడం, అర్ధరాత్రి రోగిని పెద్దాస్పత్రికి తరలించడం, చేయి తిరిగిన కౌన్సెలర్ వెళ్లిపోకుండా నాలుగు రూపాయలు ఎక్కువివ్వడం వంటివి ఏ నమూనా బడ్జెట్లోనూ ఇమడవు.

గ్రాంటు చేతికొచ్చే దారి పొడవైనది. సంస్థ ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. జిల్లా, రాష్ట్ర అధికారుల తనిఖీ, సిఫారసు కావాలి. పాత డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఆడిటరు సంతకంతో సమర్పించాలి. దీన్నే ఆఫీసుల్లో యూసీ అంటారు. ఆ తర్వాతే వాయిదా విడుదల. ఈ తనిఖీలు అవసరమే, ప్రజాధనానికి లెక్క ఉండాలి. కానీ కాగితాలు ఎక్కడో ఒక బల్ల మీద నిలిచిపోతే ఇక్కడ వంటింట్లో పొయ్యి ఆగదు, నర్సు జీతం ఆగకూడదు. ఆ నెలల్లో సంస్థ అప్పు చేస్తుంది, కిరాణా కొట్టులో ఖాతా పెడుతుంది, సిబ్బందిని బతిమాలుకుంటుంది. డబ్బు చివరికి వస్తుంది. ఈలోగా మంచి కౌన్సెలర్ ఒకరు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు. వ్యసన చికిత్సలో మనిషికి మనిషి మీద కుదిరే గురి మందుతో సమానం. రోగి నమ్మిన కౌన్సెలర్ వెళ్లిపోతే ఆ నష్టం ఏ ఆడిట్‌లోనూ కనబడదు.

చట్టంలో మరో నిధి ఉంది. మాదకద్రవ్యాల అక్రమ వ్యాపారాన్ని అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో తర్వాత చేర్చిన 7ఏ సెక్షన్ ప్రకారం మాదకద్రవ్య వినియోగ నియంత్రణకు ఒక జాతీయ నిధి ఏర్పడింది. ప్రభుత్వం ఇచ్చే మొత్తం, మాదకద్రవ్య వ్యాపారుల నుంచి జప్తు చేసిన ఆస్తుల అమ్మకం సొమ్ము, విరాళాలు దానిలో జమ కావచ్చు. అక్రమ రవాణాను అరికట్టడంతో పాటు వ్యసనపరుల చికిత్సకూ వాడవచ్చు. మత్తు అమ్మి సంపాదించిన ఆస్తి మత్తులో పడినవాడి వైద్యానికి చేరాలన్న ఈ ఆలోచన చాలా న్యాయమైనది.

బీమా లేని జబ్బు

అమెరికాలో వ్యసన చికిత్సకు పెద్ద ఆసరా ఆరోగ్య బీమా. శారీరక జబ్బులకు వర్తించే నియమాలే మానసిక, వ్యసన చికిత్సలకూ వర్తించాలని 2008లో అక్కడ చట్టం చేశారు. మన దగ్గర పరిస్థితి దీనికి తలకిందులు. బీమా నియంత్రణ సంస్థ రూపొందించిన ప్రామాణిక మినహాయింపుల్లో 12వది మద్యపానం, మాదకద్రవ్యాల వ్యసనం, వాటి పర్యవసానాల చికిత్స గురించే. ఆరోగ్య బీమా పాలసీ పత్రాల్లో ఈ వాక్యం మామూలుగా కనిపిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం కిందే లెక్కించింది. చట్టం జబ్బు అంటోంది, పాలసీ కాదంటోంది. ఈ మినహాయింపు పోవాలి. అది ఉన్నంతకాలం చికిత్స భారం అప్పటికే తాగుడు వల్ల చితికిపోయిన కుటుంబం నెత్తినో, దాత చేతిలోనో పడుతుంది.

అందుకే చాలా కేంద్రాలు ఉన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకుని, లేనివాళ్లకు తగ్గించో, ఉచితంగానో చూస్తాయి. ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. డబ్బు కట్టగల రోగులు పెరిగేకొద్దీ ఉచిత పడకలు మెల్లమెల్లగా తగ్గిపోతాయి. ఇన్ని పడకలు పేదలకేనని ముందే కాగితం మీద రాసుకుని, ఏటా నివేదికలో ఆ సంఖ్య చెప్పే సంస్థ ఈ ప్రమాదాన్ని తప్పించుకుంటుంది.

దాతలు, కంపెనీలు, విదేశాలు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆరోగ్యం ఆ జాబితాలో ఉంది. అయినా పిల్లల చదువుకు, కంటి ఆపరేషన్లకు దొరికినంత తేలిగ్గా తాగుడు మాన్పించే పనికి దొరకదు. తాగుబోతు తన చేతులారా తెచ్చుకున్నాడు కదా, మనమెందుకు పెట్టాలి అన్న మాట బోర్డు గదుల్లోనూ వినిపిస్తుంది, రచ్చబండ దగ్గరా వినిపిస్తుంది. పైగా కంపెనీలు ఏడాదిలో ఎంతమంది మానేశారని అడుగుతాయి. ఈ జబ్బులో మానడం, మళ్లీ తాగడం, మళ్లీ మానడం మామూలు. ఒకసారి జారినవాణ్ణి ఓటమి కింద లెక్కేసే దాతకు లెక్క చూపించాలంటే, బాగుపడే అవకాశం ఎక్కువున్నవాళ్లనే చేర్చుకోవాలని సంస్థకు మనసవుతుంది. అందరికన్నా సాయం అవసరమైనవాడు గేటు బయటే ఉండిపోతాడు.

మద్యం తయారీదారుల డబ్బు తీసుకోవచ్చా అన్నది మరో చిక్కు. డబ్బు ఎవరిదైనా రోగికి ఉపయోగపడితే చాలునని కొందరంటారు. ఈ వ్యాస రచయిత అభిప్రాయం వేరు. పుచ్చుకున్న చేతితో రేపు ఊళ్లో వైన్ షాపుకు వ్యతిరేకంగా అర్జీ మీద సంతకం పెట్టడం కష్టం. ఆ డబ్బు వద్దనుకోవడమే మేలు.

విదేశీ విరాళాల దారి ఇరుకైంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణలతో ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలోనే జమ కావాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తన డబ్బును మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పెద్ద సంస్థ దగ్గర తీసుకుని మారుమూల పనిచేసే చిన్న సంస్థలకు ఈ చివరి నిబంధన గట్టి దెబ్బ.

వ్యక్తుల విరాళాలకు పన్ను మినహాయింపు ఉందని కేంద్రాలు కరపత్రాల్లో రాస్తుంటాయి. 80జీ మినహాయింపు అని అందరూ పిలిచేది దాన్నే. రెండు వేలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఆ మినహాయింపు దొరకదు. జీతగాళ్లు కొత్త విధానానికి మారేకొద్దీ, మార్చి నెలాఖరులో రసీదు కోసం వచ్చే విరాళాలను నమ్ముకున్న సంస్థలు వేరే దారి చూసుకోక తప్పదు.

సొంత కాళ్ల మీద నిలిచినవారు

బయటి డబ్బు వద్దన్న ఉదాహరణల్లో అన్నిటికన్నా పెద్దది ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో అది మొదలైంది. మొదట్లో విల్సన్ కూడా ఆస్పత్రులు కట్టాలి, జీతాలిచ్చి ప్రచారకులను పంపాలి అని లక్షల డాలర్లు కలగన్నాడు. అతనూ తోటివారూ సంపన్నుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ని ఆశ్రయించారు. ఆయన ఐదు వేల డాలర్లిచ్చి ఆగిపోయాడు. ఎక్కువ డబ్బు వస్తే ఈ పని చెడిపోతుందన్నది ఆయన భయం. అప్పుడు నిరాశ కలిగించిన ఆ మాటే తర్వాత ఆ సంఘానికి నియమమైంది. ప్రతి బృందమూ తన ఖర్చు తానే పెట్టుకోవాలి, బయటివారి విరాళాలు తీసుకోరాదు అన్నది వారి పన్నెండు సంప్రదాయాల్లో ఏడవది. సమావేశం చివర ఒక సంచి చేతులు మారుతుంది. వీలైనంత వేస్తారు, వీలుకానివారు వేయరు. గది అద్దె, టీ, పుస్తకాలు ఆ డబ్బుతోనే. మన హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సమావేశాల్లోనూ ఇదే పద్ధతి.

దీన్ని చూసి డీఅడిక్షన్ సెంటర్లను కూడా ఇలాగే నడపవచ్చు కదా అనేవారున్నారు. కుదరదు. అక్కడ డాక్టరు లేడు, పడక లేదు, మందు లేదు. వణుకు మొదలైన మొదటి వారం ఆ సంచి దాటించలేదు. వారం గడిచాక, ఆ తర్వాతి ఇరవై ఏళ్లు మాత్రం అంతకన్నా చవకైన, నమ్మకమైన తోడు మరొకటి లేదు. అందుకే తెలివైన కేంద్రాలు రోగి ఇంటికి వెళ్లకముందే దగ్గర్లోని బృందాన్ని పరిచయం చేస్తాయి.

ఆక్స్‌ఫర్డ్ హౌస్ కథ మరీ నేర్చుకోదగ్గది. 1975లో మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక పునరావాస గృహాన్ని నిధుల్లేక మూసేస్తామన్నారు. అందులో ఉంటున్న పాల్ మొలాయ్, తోటివారు ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకున్నారు. జీతగాళ్లు లేరు. అద్దె పంచుకున్నారు, పనులు పంచుకున్నారు, నిర్ణయాలు ఓటు వేసి చేశారు. మళ్లీ తాగినవాడు ఇల్లు వదలాలి. ఇవే నియమాలతో ఇప్పుడు అమెరికాలో వేల ఇళ్లున్నాయి. 1988లో అక్కడి ప్రభుత్వం చేసిన సాయం చిన్నది, తెలివైనది. కొత్త ఇల్లు తెరవడానికి నాలుగు వేల డాలర్ల దాకా అప్పు, రెండేళ్లలో వాయిదాల మీద తీర్చాలి. తీరిన డబ్బు మరో ఇంటికి వెళుతుంది. ఒకే నిధి చేతులు మారుతూ ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971లో మొదలైన డెలాన్సీ స్ట్రీట్ ఫౌండేషన్‌లో నివాసులే హోటలు, సామాన్ల రవాణా వంటి వ్యాపారాలు నడిపి ఖర్చులో పెద్ద భాగం సంపాదిస్తారు.

ఊరు పెట్టిన ఖర్చు

మన నేలకు నప్పిన పద్ధతి తమిళనాడులోని మంజక్కుడిలో కనిపిస్తుంది. టీటీకే సంస్థ 1989 నుంచి ఆ పల్లెలో పదిహేను రోజుల చికిత్సా శిబిరాలు పెట్టింది. చోటు, భోజనం ఏర్పాట్లలో స్థానికులు పాలుపంచుకున్నారు. డాక్టర్లు, కౌన్సెలర్లు నగరం నుంచి వచ్చారు. ఊరివాళ్లే రోగులను గుర్తించి పంపారు, తిరిగొచ్చాక కనిపెట్టుకుని ఉన్నారు. ఆస్పత్రి భవనం ఖర్చు మిగిలింది. దానికన్నా ముఖ్యంగా, అందరికీ తెలిసిన మనిషి తాగడం మానుతున్నాడని ఊరందరికీ తెలిసింది. ఫాలోఅప్ ఖర్చును ఊరు తన భుజాల మీద వేసుకుంది.

తెలంగాణకు సరిహద్దులో ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్‌ల సెర్చ్ సంస్థ, మహారాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి అక్కడ ముక్తిపథ్ నడిపాయి. నిషేధం అమలు, గ్రామ సంఘాల చైతన్యం, చికిత్స మూడూ ఒకే కార్యక్రమంలో ఉన్నాయి.

తెలుగువారికి ఇది కొత్త పాఠం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించినప్పుడు ప్రభుత్వం చెప్పిన ప్రధాన కారణం ఖజానా. ఆ ఉద్యమం వేడిలోనే నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు కట్టారు. సారాకు పోయే డబ్బు వాళ్ల పేరు మీద బ్యాంకులో చేరింది. రూపాయి రూపాయి కూడబెట్టి పెద్ద పని చేయగల శక్తి ఈ గడ్డ మీద ఉందని చెప్పడానికి మరో సాక్ష్యం అక్కర్లేదు.

ఖజానా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మద్యం మీద పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది. మనుషులు తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్సైజ్ రాబడి బడ్జెట్‌కు ముఖ్యమైన ఆధారం. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించాలని రాజ్యానికి చెబుతుంది. అంత దూరం వెళ్లలేకపోతే, సీసా మీద వచ్చే ప్రతి వంద రూపాయల్లో ఒక్క రూపాయినైనా చట్టం చేసి చికిత్సకు కేటాయించాలి. కేరళలో ఎక్సైజ్ శాఖే విముక్తి పేరుతో డీఅడిక్షన్ కేంద్రాలను నడిపిస్తోంది. మద్యం మీద పన్ను వసూలు చేసే శాఖకే మాన్పించే బాధ్యత కూడా అప్పగించవచ్చని అది చూపింది.

నిలిచే కేంద్రం లక్షణాలు

దశాబ్దాలుగా నిలిచిన కేంద్రాల్లో కొన్ని పోలికలు కనబడతాయి. ఏ ఒక్క దాత వాటా కూడా సంస్థను శాసించేంత పెరగనివ్వరు. గ్రాంటు ఆలస్యమైనా ఐదారు నెలలు జీతాలివ్వగల మూలనిధిని మెల్లగా కూడబెడతారు. ధర్మసంస్థలు ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం ఖర్చు చేయాలన్నది పన్ను నియమం కాబట్టి ఈ పని తేలిక కాదు. మూలనిధికేనని దాత చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. కోలుకున్నవాళ్లను ఉద్యోగులుగా తీసుకుంటారు. ఆ మనిషి చెప్పే మాటకు ఉండే బరువు ఏ డిగ్రీకీ రాదు. అయితే వాళ్ల సేవాభావాన్ని ఆసరా చేసుకుని తక్కువ జీతంతో సరిపెట్టడం అన్యాయం. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంటుంది. అది లేకుండా రోగులను గొలుసులతో కట్టి, కొట్టి మాన్పిస్తామనేవాళ్లు కూడా ఈ పేరుతోనే బోర్డులు పెట్టుకుంటున్నారు. వాళ్ల వల్ల మంచి కేంద్రాలకు వచ్చే విరాళాలూ పోతున్నాయి.

మీరు సాయం చేయదలిస్తే మీ ఊరికి దగ్గర్లో ఉన్న కేంద్రానికి ఒకసారి స్వయంగా వెళ్లండి. రిజిస్ట్రేషన్ కాగితం, గత ఏడాది ఆడిట్ నివేదిక అడగండి. రాత్రి నర్సు ఉంటారా, ఇంటికి వెళ్లినవాళ్లకు ఫోన్ ఎవరు చేస్తారు అని అడగండి. జవాబులు నచ్చితే, ఏడాదికోసారి పెద్ద మొత్తం కాకుండా నెలనెలా మీకు భారం కానంత పంపండి, ఫాలోఅప్ ఖర్చుకేనని రాసి పంపండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికైనా సాయం కావలసి వస్తే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు 14446. ఆ ఫోన్‌కు డబ్బు ఖర్చు కాదు.